ఎడమవైపు నుంచి వచ్చే బంతి

ఈపాటికి చదివేసి ఉండాలి. ప్రతి ఆదివారం రెండో పాట అవగానే పాస్టరుగారు గుమ్మం దగ్గరి చెక్కపెట్టె తెప్పించుకుని, అందులో జనం వేసిన ప్రార్థన చీటీలు ఒక్కొక్కటే విప్పి పేరుతో సహా పైకి చదువుతారు, అందరూ ఆమేన్ అంటారు, ఆ తర్వాతే వాక్యం చెప్పడం. చిన్నమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చర్చిలో అదే వరస. ఇవాళ మాత్రం, రాజమండ్రి నుంచి వచ్చిన బోధకుడుగారు నిడదవోలులో రైలు అందుకోవాలి కాబట్టి ముందు ఆయన వాక్యం, చీటీలు చివర్న అని పాస్టరుగారు నవ్వుతూ చెప్పారు. నవ్వుతూ చెప్పిన ఆ ఒక్క మాటకి చిన్నమ్మాయి కింద చాప ఎవరో లాగేసినట్టయింది. గోడ గడియారం పది దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. పదిన్నరకి ఆట. బ్యాంకాకులో అప్పటికి మిట్టమధ్యాహ్నమట, సూర్యుడు వాళ్ళకి ముందు వస్తాడట. ఆసియా ఆడవాళ్ళ హ్యాండ్‌బాల్ పోటీల్లో మన దేశం జట్టుకి గోల్‌కీపరు మెర్సీ. తన కూతురు. కొరియా వాళ్ళు బంతి విసురుతుంటే చేతులూ కాళ్ళూ బార్లా చాపి, ముఖానికి ఏ అడ్డమూ లేకుండా నిలబడబోయేది మెర్సీ. పెట్టెలో ఉన్న చీటీ మీద చిన్నమ్మాయి పొద్దున్నే పొయ్యి పక్కన కూర్చుని రాసింది: నా కూతురు మెర్సీ ఎడమ కంటి లోపలి పొర చిరిగింది. ఇంకో దెబ్బ తగిలితే కన్ను పోద్దని డాక్టరమ్మ చెప్పింది. మెర్సీ ఇవాళ ఆడకుండా ప్రార్థన చేయండి. ఆ మూడు ముక్కలు రాయడానికి కాఫీ నీళ్ళు రెండుసార్లు మరిగి ఇగిరిపోయాయి.

ఎవరికీ చెప్పనని మెర్సీకి మాట ఇచ్చింది. చెప్పలేదుగా, రాసింది. పొద్దున్న అలా అనుకున్నప్పుడు ఎంత తెలివిగా అనిపించిందో, ఇప్పుడు ఈ ఫ్యాను కింద కూర్చుంటే అంత సిగ్గుగా ఉంది. దేవుడికి రాసుకున్న ఉత్తరం, మధ్యలో పాస్టరుగారు చదివితే నేనేం చెయ్యను, రెండో వరసలో కూర్చునే, మెర్సీకి ఆట నేర్పిన సాల్మన్ మాస్టారు వింటే నేనేం చెయ్యను, ఆయన లేచి పరిగెత్తి రోడ్డవతల టెలిఫోను బూతులోంచి బ్యాంకాకుకి ఫోను చేస్తే నా తప్పేంటి? అన్నీ ఒకదాని వెనక ఒకటి వరి మడిలో నారు పెట్టినట్టు వరసగా పెట్టుకుంది. రెండో పాట, చీటీ, మాస్టారు, ఫోను. తన నోరు ఎక్కడా కదలక్కర్లేదు. ఇప్పుడు చీటీలు చదివేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికి కొరియా పిల్లలు ఎన్నిసార్లు విసిరి ఉంటారు? సాల్మన్ మాస్టారు మగవాళ్ళ వైపు అదిగో, తెల్లచొక్కా, మెడ వెనక నూనె మెరుస్తూ. ఆరాధన మొదట్లోనే లేచి చెప్పారాయన, "మన సంఘం బిడ్డ మెర్సీ ఇవాళ కొరియా మీద ఆడుతోందండి, మన టైము పదిన్నరకి, అందరూ తలుచుకోండి" అని. జనమంతా చిన్నమ్మాయి వైపు తిరిగి చూశారు. ఆమె ముసుగు ముందుకి లాక్కుంది. పక్కనున్న మాణిక్యాంబ మోచేత్తో పొడిచి, "టీవీలో చూపిస్తారా వదినా? ఆ పొట్టి లాగులోనే చూపిస్తారా, లేపోతే మనకోసం ఏదన్నా కప్పుతారా?" అంది. మాణిక్యాంబ మనసు మంచిదే, నోరే గోదారి.

పొట్టి లాగు. అవును, మొదట దానిమీదే గొడవ. పన్నెండేళ్ళ పిల్ల, బడి వెనక మిట్టలో సాల్మన్ మాస్టారు సరుగుడు కర్రలు పాతించి, ఎర్రరంగూ తెల్లరంగూ పట్టీలు పూయించి, వెనకాల చేపల వల కట్టించారు. ఇదేం ఆటండీ అంటే చేతుల్తో ఆడే ఫుట్‌బాలు అన్నారు. మిగతా పిల్లలు బంతి వస్తుంటే ముఖం తిప్పుకునేవారు. మెర్సీ తిప్పుకోలేదు. నూర్పుళ్ళప్పుడు కళ్ళంలో పిచుకల్ని తోలడానికి చేతులు చాపి ఎలా ఎగిరేదో అలాగే ఎగిరింది. మాస్టారు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, "అమ్మా, నీ కూతురికి భయం లేదు, నాకు ఆ ఒక్కటీ చాలు, మిగతావి నేను నేర్పుతాను" అన్నారు. అప్పుడు ఎంత పొంగిపోయింది తను. భయం లేకపోవడం గొప్పనుకుంది. భయం లేనిదాని భయం కూడా ఇంకొకరు మొయ్యాలని అప్పుడు తెలియలేదు. మెర్సీ ఏలూరు వెళ్ళినా తను ఇక్కడ భయపడింది, హాస్టలుకి వెళ్ళినా భయపడింది, రైల్లో ఢిల్లీ వెళ్తుంటే మూడు రోజులు అన్నం సహించలేదు. పిల్ల మాత్రం ప్రతిసారీ ఓ కొత్త గాయంతో, ఓ కప్పుతో నవ్వుకుంటూ దిగేది. వేలు విరిగింది, కట్టు కట్టారు, అతుక్కుంది. పెదవి చీలింది, అతుక్కుంది. అన్నీ అతుక్కునేవే. కన్ను అలాంటిది కాదు కదా.

బోధకుడుగారు ఓర్పు గురించి చెబుతున్నారు. నెమ్మదిగా, ఒక్కో మాటా దించుకుంటూ. పది దాటి తొమ్మిది.

బ్యాంకాకు వెళ్ళేముందు మెర్సీ మూడు రోజులు ఇంటికొచ్చినప్పుడు బయటపడింది. చెంబుతో నీళ్ళు గ్లాసులో పోయబోయి పక్కన పోసింది. నవ్వేసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ పక్కనే. "ఏంటే?" "ఏం లేదే, కంటి ముందు నల్ల దోమలు ఎగురుతున్నాయి." సున్నం వేసిన గోడ వైపు చూస్తూ చేత్తో విదిలించుకుంది, నిజం దోమల్ని తోలినట్టు. క్యాంపులో ప్రాక్టీసుకి బంతి తగిలిందట, ఎడమ కంటి మీద, నెల అయిందట. మర్నాడు తను దాని చెయ్యి పట్టి లాక్కుపోయింది రాజమండ్రి. డాక్టరమ్మ చుక్కలు వేసి, చీకటిగదిలో కంటిలోకి దీపం పెట్టి చాలాసేపు చూసింది. బయటికొచ్చి తెల్లకాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. ఇదమ్మా కన్ను, ఇదిగో వెనకాల గోడకి కాగితం అంటించినట్టు పొర ఉంటుంది, ఇక్కడ చిరిగింది. లేజరుతో కుట్టేసినట్టు చేద్దాం, ఆర్నెల్లు బంతి ముట్టుకోకూడదు, ఈలోపు ఇంకో దెబ్బ తగిలిందా, కాగితం మొత్తం ఊడొస్తుంది, ఆ తర్వాత నేను కాదు కదా ఎవరూ ఏం చెయ్యలేరు. మెర్సీ అంతా విని, బడిపిల్లలా తలూపి, "పదిహేను రోజులు ఆగి వస్తానండి, ఊరెళ్ళే పనుంది" అంది. ఊరెళ్ళే పని! తిరిగొచ్చే బస్సు గోదారి వంతెన మీదికి ఎక్కింది. కింద ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నగా నీళ్ళు. మెర్సీ కిటికీ వైపు ఉంది. "అమ్మా, మాస్టారికి చెప్పకు. ఎవరికీ చెప్పకు. ఈ పోటీలు ఆడొస్తే రైల్వేలో ఉద్యోగం. నువ్వు ఇంక బురదలోకి దిగక్కర్లేదు. ఒట్టెయ్యి." "మనం ఒట్లు వేసుకోకూడదే." "అయితే మాటియ్యి." చెయ్యి చాపింది. ఆ చెయ్యి, ఎన్ని దెబ్బలు తిన్నదో, వేళ్ళ కణుపులు ఉబ్బి, అరచెయ్యి చెక్కలా. దాన్ని చూసి కాదనలేకపోయింది. వంతెన దాటేలోపు మాటిచ్చేసింది.

మాట. ఇంకొక మాట కూడా ఇచ్చింది తను, చాలా ఏళ్ళ కిందట, ఆ మెర్సీ తండ్రి ఏసురాజుకి. దాని వైపు వెళ్ళకూడదు. వెళ్ళకూడదని ముసుగు సర్దుకుంది, పాటల పుస్తకం విప్పి మూసింది, ఫ్యాను రెక్కలు చూసింది. అయినా మనసు గేదెలాంటిది, కొట్టినకొద్దీ ఆ చేలోకే పోతుంది. ఊడ్పులప్పుడు, పొలం ఆసామి జగన్నాథరావుగారి కుక్క అతని పిక్క పట్టుకుంది. రెండే రెండు గాట్లు. ఆ కుక్కంటే రావుగారికి ప్రాణం. "చిన్నమ్మాయీ, ఎవరికీ చెప్పకే. రావుగారికి తెలిస్తే కుక్కకి కోపం తెప్పించింది నువ్వే అని పని మానిపిస్తాడు. ఆసుపత్రికెళ్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లంట, నావల్ల కాదు. పసుపు పెట్టు, తగ్గిపోద్ది." పెట్టింది. తగ్గిపోయింది కూడా, పొక్కు కట్టి రాలిపోయింది. ఆర్.ఎమ్.పీ. డాక్టరు వాళ్ళ ఇంటి ముందు నుంచే రోజూ పొలానికి నడిచింది, మాటిచ్చింది కాబట్టి చెప్పలేదు. వరి పొట్ట మీదున్న రోజుల్లో ఓ సాయంత్రం ఏసురాజు కాలవ గట్టున ఆగిపోయాడు. దాటలేకపోయాడు. మోకాలి లోతు నీళ్ళు చూసి ఒణికాడు. పుట్టినప్పటి నుంచీ నీళ్ళలో ఉన్న మనిషి. ఇంటికొచ్చాక చెంబు చూపిస్తే గొంతు పట్టుకుని గోడకి అతుక్కుపోయాడు. కోతలు చూడలేదు. నాలుగు రోజులు తలుపు సందులోంచి చూసింది తను, ఆరేళ్ళ మెర్సీ కళ్ళు చేత్తో మూసి. అందరూ అడిగారు, కుక్క కరిచిందని నీకు ముందే తెలుసా అని. తెలియదంది. ఆ అబద్ధం ఈ చర్చిలోనే, ఈ చాపల మీదే ఆడింది. చచ్చినవాడికిచ్చిన మాట నిలబెట్టుకుంది, మనిషిని నిలబెట్టుకోలేదు.

పది దాటి పదిహేను. గడియారం కింద ఎవరిదో చంటిపిల్ల ఏడుస్తుంటే తల్లి బయటికి తీసుకుపోయింది. ఎంత తేలిక, పిల్ల ఏడిస్తే తల్లి లేచి బయటికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

నిన్న సాయంత్రం ఫోను రాకపోయుంటే ఆ చీటీ కూడా రాసేది కాదేమో. బూతు సత్తిరాజు కబురంపితే చేతి పిండితోనే పరిగెత్తింది. మెర్సీ గొంతు ఎక్కడో గాబులోంచి వచ్చినట్టుంది కానీ సంతోషం మాత్రం పక్కనే ఉన్నట్టుంది. "అమ్మా, ఇవాళ పదకొండు ఆపానే! పేపరువాళ్ళు ఫొటో తీశారు." "కన్నెలా ఉందే?" "ఎడమవైపు నుంచి వచ్చేవి కనపడట్లేదే. అలికిడిని బట్టి ఆపుతున్నాను." నవ్వింది. పాత జోకు చెప్పినట్టు నవ్వింది. చిన్నమ్మాయి ఆ నవ్వు చెవిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. రొట్టె కాలుస్తుంటే అలికిడి. పళ్ళెం పెడుతుంటే అలికిడి. అలికిడిని బట్టి. గుడ్డివాళ్ళు కదా అలా బతికేది. కొరియా వాళ్ళు రాయిలా విసురుతారట, బంతి కనిపించదట, గోలులో పడ్డాకే తెలుస్తుందట, సాల్మన్ మాస్టారే మురిసిపోతూ చెప్పారు. అయిదారు గజాల దూరం నుంచి రాయి. ఎడమవైపు నుంచి. అది వచ్చేసరికి జనం అరుస్తుంటారు కదా, అరుపుల్లో అలికిడి ఏం వినపడుతుంది?

లేవాలి. లేచి ఏం చెప్పాలి? చెబితే మాస్టారు గుండె ఆగిపోతుంది. చెబితే మెర్సీ మళ్ళీ జన్మలో ముఖం చూడదు. జట్టువాళ్ళు దాచిందని వెళ్ళగొడతారు, రైల్వేవాళ్ళు ఒంటికన్నుదాన్ని ఎలా తీసుకుంటారంటారు. ఏమీ కాకపోతే? ఇవాళ బంతి తగలకపోతే? పదకొండు ఆపిన పిల్ల, ఇంకో పది ఆపి నవ్వుకుంటూ దిగొచ్చి, నా నోటి దగ్గర కూడు తీసేసింది మా అమ్మే అనదూ? దేవుడు చూసుకుంటాడు. చీటీ వేశాంగా. దేవుడికి పెట్టెలో చీటీ పాస్టరుగారు చదివేదాకా ఆగాలా ఏంటి? ఆయన చదివే ఉంటాడు. చదివి ఊరుకున్నాడేమో. ఏసురాజు సంగతి కూడా ఆయనకి తెలుసు. కాలవగట్టు మీద ఆయనా ఉన్నాడు, తనూ ఉంది, నోరున్నది మాత్రం తనకే.

నడిమధ్యలో లేచి నిలబడింది చిన్నమ్మాయి. మాణిక్యాంబ చెంగు పట్టుకుని లాగింది, "ఎక్కడికి వదినా?" గుమ్మం వైపు వెళ్తుందనుకున్నారంతా. ఆమె అడ్డంగా నడిచింది. ఆడవాళ్ళ చాపలకీ మగవాళ్ళ చాపలకీ మధ్య బారెడు సిమెంటు నేల, పెళ్ళిరోజున తప్ప దాన్ని ఏ ఆడదీ దాటి ఎరగదు. చల్లగా ఉంది కాళ్ళ కింద. బోధకుడుగారి మాట సగంలో ఆగింది. ఎవరిదో చెయ్యి తొక్కింది. సాల్మన్ మాస్టారు తలెత్తి చూశారు, ఆయన ముఖంలో మొదట నవ్వే వచ్చింది, శుభవార్తేదో తెచ్చిందనుకుని.

"బయటికి రండి మాస్టారండీ."

"వాక్యం అవనీ అమ్మా..."

"పిల్ల కన్ను పోద్దండి."

ఆ మాట చర్చి అంతా వినపడింది. దేవుడికని మూడు ముక్కల్లో దాచిపెట్టింది ఒక్క ముక్కలో అయిపోయింది.

రోడ్డు దాటుతూ అంతా చెప్పింది, నల్ల దోమలు, డాక్టరమ్మ, కాగితం, అలికిడి. మాస్టారు చెప్పులేసుకోలేదు. సత్తిరాజు బూతు సగం షట్టరు దించి పేపరు చదువుకుంటున్నాడు. "ఏంటి మాస్టారూ, అప్పుడే ఆమేన్ అయిపోయిందా?" అని, వాళ్ళ ముఖాలు చూసి పేపరు మడిచేశాడు. మాస్టారు జేబులోంచి జట్టు మేనేజరు మేడమ్ నంబరు తీసి, రిసీవరు ఎత్తి, ఆగిపోయారు. వేలు అంకెల మీద ఆగిపోయింది. గోడవైపు తిరిగి, తనతో తనే అన్నట్టు, "తొమ్మిదేళ్ళమ్మా. ఈ ఒక్క ఆట... ఈ ఒక్కటీ అయిపోతే..." అన్నారు.

చిన్నమ్మాయికి ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది. వంతెన మీద తనూ సరిగ్గా అలాగే ఆగింది. "మీరు చెయ్యలేకపోతే ఆ కాగితం ఇటివ్వండి మాస్టారండీ. అంకెలు నాకూ వచ్చు."

ఆయన కళ్ళు తుడుచుకుని నొక్కారు. ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఎవరో ఆడమనిషి తీరిగ్గా చెప్పింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆవిడే. కాళ్ళ కింద నేల చర్చిలో కంటే వేడిగా ఉంది, ఎవరో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు, లోకం మీద ఆదివారం ఎంత నింపాదిగా ఉందో. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. ఆ మేడమ్ గోలలో వినలేదేమో, ఫోను సంచిలో పెట్టిందేమో, పిల్లలు బయటికొచ్చి వరసలో నిలబడ్డారేమో, పాట మొదలైందేమో. ఎత్తారు. మాస్టారు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిన్నమ్మాయి ఒక్క మాట కోసం చెవులు రిక్కించింది. ఐ అంటే కన్ను, అది తెలుసు. ఐ అన్నారు. లెఫ్ట్ ఐ అన్నారు. డాక్టర్ అన్నారు. తర్వాత వింటూ ఉన్నారు.

"అబద్ధమంటోందట మెర్సీ," అన్నారు రిసీవరు మూసి. మళ్ళీ విన్నారు. "ఆవిడ కుడికన్ను మూయించి వేళ్ళు చూపించిందట. రెండందట మెర్సీ. చూపించినవి నాలుగట."

రిసీవరు చిన్నమ్మాయి చేతికొచ్చింది. లోపల చెక్కనేల మీద బూట్లు కీచుమంటున్నాయి, ఈల, చప్పట్లు, తెలియని భాషలో మైకు.

"అమ్మా. చెప్పేసావా."

"చెప్పేసానే."

"నేను లేకపోతే వాళ్ళు ముప్పై కొడతారే. నలభై కొడతారు."

"కొట్టనీ."

"ఉద్యోగం పోద్ది."

"పోనీ."

"నీతో మాట్లాడను. చచ్చేదాకా మాట్లాడను, చూసుకో."

"మాట్లాడకమ్మా. రెండు కళ్ళతో నా వంక చూడు, అది చాలు. తిట్టేది కళ్ళతోనే తిట్టు."

మెర్సీ ఫోను పెట్టెయ్యలేదు. ఈల పొడుగ్గా ఊదారు, ఆట మొదలైనట్టుంది. చిన్నమ్మాయి రిసీవరు చెవికి అదిమి పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి జనమంతా ఒక్కసారిగా అరిచారు. ఎవరో ఎవరి మీదో గోలు కొట్టారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది, బంతి తన ముఖం మీదికే వచ్చినట్టు. అప్పుడు, అన్ని వేల అరుపుల మధ్య, తన చెవి పక్కనే, మెర్సీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.